పాతబస్తీ: కట్టడం నిలిస్తే కిరాయిదారు నిలుస్తాడా?

క్లుప్తంగా: చారిత్రక కట్టడాల పరిరక్షణ, వాటి చుట్టూ భూమి విలువ పెరగడం, అక్కడ తరాలుగా బతుకుతున్నవాళ్లు కదలాల్సి రావడం అనే మూడు పరిణామాలు హైదరాబాద్ పాతబస్తీలో ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. వారసత్వ చట్టం కట్టడాన్ని చూస్తుంది, పరిహారం లెక్క ప్రధానంగా యజమానిని చూస్తుంది. కిరాయి మల్గీలో (దుకాణపు గదిలో) గాజులు చేసే కార్మికుడు, కమాను కింద బండి పెట్టుకున్న చిరు వ్యాపారి ఈ రెంటికీ అంచున మిగులుతారు. ఎవరి అభ్యంతరానికి విలువ దక్కుతుంది, ఎవరిది దక్కదు అన్న విషయం కూడా చాలావరకు ఇక్కడే తేలిపోతోంది.

మాట ఎక్కడిది, అర్థం ఏమిటి

'జెంట్రిఫికేషన్' అనే మాటను 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త లండన్ పేటలను వివరిస్తూ వాడారు. కార్మికులు ఉండే పేటల్లోకి స్థితిమంతులు వచ్చి, పాత ఇళ్లు కొని బాగుచేయించుకుంటారు. ఏళ్లు గడిచేసరికి పేట స్వభావమే మారిపోతుంది. మొదటి నుంచీ ఉన్నవాళ్లు అద్దె కట్టలేక ఒక్కొక్కరే వెళ్లిపోతారు. ఈ క్రమానికి ఆమె పెట్టిన పేరు అది. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. ఉన్నవాళ్ల రాకతో లేనివాళ్లు ఖాళీ చేయాల్సి రావడం అని చెప్పుకుంటే అసలు విషయం అందుతుంది.

ఇది ఎందుకు జరుగుతుందో 1979లో నీల్ స్మిత్ అనే భూగోళ శాస్త్రవేత్త ఆర్థిక కోణంలో వివరించారు. ఒక స్థలం ఇప్పుడు తెస్తున్న కిరాయి ఒకటి, అదే స్థలాన్ని మరోలా వాడితే రాగల కిరాయి మరొకటి. ఈ రెంటి మధ్య దూరం పెరిగినకొద్దీ, పాత వాడకాన్ని, దానితోపాటు పాత మనుషులను తొలగించడం యజమానికి, పెట్టుబడిదారుకు లాభసాటి అవుతుంది. వారసత్వం ఈ లెక్కలోకి రెండో అంకె ద్వారా ప్రవేశిస్తుంది. శిథిలంగా పడి ఉన్నంతకాలం పాతదనం ఒక భారం. దీపాలు పెట్టి, రాళ్లు పరిచి, పర్యాటకుల పటంలో చేర్చిన తర్వాత అదే పాతదనం ధర పలికే గుణంగా మారుతుంది. ఆ గుణాన్ని శతాబ్దాలుగా నిలబెట్టినవాళ్లకు ఆ ధరలో వాటా ఉందా లేదా అన్నదే ఈ చర్చ అంతటికీ మూలం.

లండన్ నమూనాలో పాతబస్తీ ఇమడదు

హైదరాబాద్‌లో కొత్త సంపద పడమటికి వెళ్లింది. మాదాపూర్, గచ్చిబౌలి, కోకాపేటల్లో ఇల్లు కొనే ఉద్యోగి శాలిబండలోనో, మొఘల్‌పురాలోనో పాత దేవిడీ, అంటే ఆవరణ ఉన్న పెద్ద భవంతి, కొని కాపురం పెట్టడం లేదు. అందువల్ల జెంట్రిఫికేషన్ అనే మాటను యథాతథంగా తెచ్చి పాతబస్తీకి తగిలిస్తే లెక్క తప్పుతుంది. ఇక్కడ జరుగుతున్న మార్పు ప్రధానంగా వాడకంలో ఉంది. ఇల్లు దుకాణం అవుతుంది. కార్ఖానా గోదాము అవుతుంది. ఆవరణ ఉన్న దేవిడీ వాటాలుగా విడిపోయి షాపింగ్ కాంప్లెక్సో ఫంక్షన్ హాలో అవుతుంది. సాలార్‌జంగ్‌ల దీవాన్ దేవిడీ ఉన్న చోట నేడు వరుసగా కనిపించే వాణిజ్య సముదాయాలు ఈ క్రమానికి అందరికీ తెలిసిన ఉదాహరణ.

కదిలించే శక్తులు కూడా ఇక్కడ వేరు. లండన్‌లో ఇల్లు కొనే కుటుంబం ఆ పని చేసింది. పాతబస్తీలో రోడ్డు విస్తరణ, మెట్రో, పర్యాటక సుందరీకరణ, నదీతీర ప్రణాళిక వంటి ప్రభుత్వ పథకాలు ముందు నడుస్తున్నాయి, మార్కెట్ వాటి వెనుక వస్తోంది. రాజప్రాసాదాల విషయం మాత్రం వేరుగా చూడాలి. 2005లో సందర్శకులకు తెరిచిన చౌమహల్లా, 2010లో హోటల్‌గా మారిన ఫలక్‌నుమా ప్యాలెస్ ఎవరి కాపురాన్నీ ఎత్తివేయలేదు. నగర వారసత్వం అనగానే పత్రికల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే కావడం వల్ల, గల్లీల్లో జరిగే మార్పు చర్చలోకి రావడం కష్టమవుతోంది.

పత్తర్‌గట్టి ఒకప్పటి కొత్త నిర్మాణమే

మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నడిచేవారికి రెండు పక్కలా కనిపించే పత్తర్‌గట్టి రాతి కమానుల వరుస నేడు వారసత్వ సంపద. అయితే అది 1591 నాటి నగరంలో భాగం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. మృతులు 15,000 దాకా ఉంటారన్న అంచనా ప్రచారంలో ఉంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, కింద దుకాణాలు, పైన నివాసాలు ఉండేలా పత్తర్‌గట్టిని కట్టించింది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ కూడా ఆ కాలపు నగర పునర్నిర్మాణం నుంచే వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈనాడు కాపాడాలని వాదించే కట్టడాల్లో కొన్ని, ఆనాడు వేరే ఇళ్లను తొలగించి కట్టినవి. నగరం మారకుండా ఉండాలనే వాదనకు చరిత్ర మద్దతు ఇవ్వదు. కానీ అదే చరిత్ర మరో సంగతి కూడా చెబుతుంది. పత్తర్‌గట్టి నిర్మాణంలో రోడ్డు వెడల్పు అవసరం, వ్యాపారి అవసరం, పైఅంతస్తులో ఉండే కుటుంబం అవసరం ఒకే నమూనాలో ఇమిడాయి. బోర్డు బస్తీలను తొలగించడంతోపాటు నాంపల్లి వంటి చోట్ల కొత్త ఇళ్ల కాలనీలు కూడా వేసింది. తొలగింపు, పునర్నివాసం ఒకే సంస్థ చేతిలో, ఒకే ప్రణాళికలో ఉండేవి. ఇప్పుడు మెట్రో ఒక సంస్థది, రోడ్డు మరొకరిది, ఇళ్ల కేటాయింపు వేరొక శాఖది, కట్టడాల పరిరక్షణ ఇంకొకరిది. కిరాయిదారు ఏ ఒక్క కార్యాలయానికి వెళ్లినా తన సమస్య పూర్తిగా ఆ కార్యాలయానిది కాదని చెప్పే అవకాశం ఈ విభజనలోనే ఉంది.

13వ నిబంధన నుంచి 2017 చట్టం దాకా

వారసత్వ కట్టడాలకు చట్టపరమైన రక్షణ ఇచ్చిన తొలి నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 1981 నాటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనలకు 1995లో 13వ నిబంధన చేరింది. దాని కింద 150కి పైగా కట్టడాలు, ప్రాంతాలు జాబితాకెక్కాయి. కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖల రక్షణలో లేని దేవిడీలు, మార్కెట్లు, ఆసుపత్రులు, కళాశాలలకు అదే ఆధారం. 2015 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది.

ఈ మార్పు ఎంత కీలకమో ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్ వ్యాజ్యంలో బయటపడింది. అక్కడ కొత్త శాసనసభ భవనం కట్టాలని 2019లో మంత్రివర్గం తీసుకున్న నిర్ణయాన్ని అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. వారసత్వ ఉద్యమానికి ఈ తీర్పు పెద్ద విజయం. ఈ విజయం ఏ దారిలో వచ్చిందో గమనించాలి. ప్యాలెస్ కట్టించిన కుటుంబ వారసులు, నగర చరిత్ర తెలిసిన కార్యకర్తలు, న్యాయవాదులు, జాబితాలో ఉన్న ఒక ప్రసిద్ధ కట్టడం ఒక్కచోట కలిశాయి. ఆ నాలుగూ కలిసిరాని గల్లీకి ఆ దారి తెరుచుకోదు.

జాబితాకెక్కడం కూడా సమస్యకు ముగింపు కాదు. ప్రైవేటు యజమానికి ఆంక్ష తెలుస్తుంది, మరమ్మతుకు డబ్బు రాదు. కట్టడం వానలకు నాని, ఒక మూల కూలుతుంది. వర్షాకాలానికి ముందు మున్సిపల్ సిబ్బంది శిథిల భవనాల సర్వే చేసినప్పుడు దానికి నోటీసు అంటుతుంది. నోటీసు రాగానే మొదట బయటికి వచ్చేది కిరాయిదారే. భవనం కూలిన తర్వాత అతని పాత ఒప్పందానికి, పగిడీగా (కిరాయికి దిగేటప్పుడు ముందుగా) ఇచ్చిన సొమ్ముకు బలం తగ్గిపోతుంది. యజమానికి మాత్రం ఖాళీ స్థలం మిగులుతుంది. ఎవరూ ఎవరినీ వెళ్లగొట్టినట్టు కాగితం మీద కనిపించదు. నిర్లక్ష్యం ద్వారా జరిగే ఈ ఖాళీ చేయింపును గణాంకాల్లో పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

చార్మినార్, మక్కా మసీదు పరిసరాల్లో మరో పొర ఉంది. 2010లో సవరించిన కేంద్ర చట్టం ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. ఆకాశహర్మ్యాలు చార్మినార్‌ను కమ్మేయకుండా ఈ నియమం కాపాడింది. మరోవైపు, ఒక కుటుంబం తన ఇంటికి చట్టబద్ధంగా ఒక గది వేసుకోవడం కూడా కష్టమైంది. స్తోమత ఉన్నవాళ్లు ఇంటిని దుకాణానికి కిరాయికిచ్చి మరో పేటకు మారారు. కట్టడం ఎత్తు మారలేదు కాబట్టి నియమం పాటించినట్టే లెక్క. లోపలి వాడకం మారినదాన్ని కొలిచే సాధనం ఆ చట్టంలో లేదు.

మెట్రో దారి: ఎవరి అభ్యంతరం వినబడింది

హైదరాబాద్ మెట్రో తొలి దశ 2017 నవంబరులో మొదలై, 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్లకు చేరింది. అందులో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన మార్గం మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గరే ఆగిపోయింది. 2024 మార్చిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాతబస్తీ మార్గానికి శంకుస్థాపన చేశారు. ప్రణాళికలో ఇది చాంద్రాయణగుట్ట వరకు సాగే 7.5 కిలోమీటర్ల మార్గం. దారుల్‌షిఫా, మీరాలం మండి, హరిబౌలి, మొఘల్‌పురా, శాలిబండ మీదుగా సాగే ఈ దారిలో రోడ్డును 100 అడుగులకు విస్తరించడానికి దాదాపు 1,100 ఆస్తులు ప్రభావితమవుతాయని అధికారులు 2024లో అంచనా వేశారు. మార్గం సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్‌లకు అర కిలోమీటరు దూరంలో ఉన్నా, రెండు స్టేషన్లకు ఆ పేర్లే పెట్టాలని నిర్ణయించారు. కట్టడం పేరు తీసుకుని, కట్టడానికి దూరంగా, ఇళ్ల మధ్య నుంచి మార్గం వెళుతోందన్న మాట.

ఇక్కడ ప్రతిఘటన ఒకే గొంతుతో లేదు. మొదటి నుంచీ గట్టిగా వినిపించినది ప్రార్థనాస్థలాల ప్రశ్న. మసీదులు, ఆలయాలు, ఆషుర్‌ఖానాలు (మొహర్రం పీర్లను నిలిపే చోట్లు), దర్గాలు, శ్మశానాలు కలిపి 103 సున్నిత కట్టడాలు ఈ దారిలో ఉన్నాయని మెట్రో సంస్థ స్వయంగా లెక్క తేల్చి, స్తంభాల స్థానాలు, మార్గం వంపులు మార్చి వాటిని కాపాడతామని ప్రకటించింది. మొహర్రంలో బీబీ కా ఆలం, ఆషాఢంలో హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయ ఘటం సాగే దారులు ఈ ప్రాంతంలోవే కాబట్టి, ఏ ప్రభుత్వమూ ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. చారిత్రక కట్టడాల మీద ప్రభావాన్ని అంచనా వేయకుండా పని సాగుతోందన్న వాదన ప్రజాప్రయోజన వ్యాజ్యంగా హైకోర్టుకు చేరింది.

రెండో గొంతు యజమానులది. వాళ్ల వాదన చాలావరకు చదరపు గజం ధర చుట్టూ నడిచింది. ధర 81,000 రూపాయలుగా ఖరారై, 2025 జనవరిలో తొలి చెక్కులు అందాయి. దీన్ని చూసి పాతబస్తీవాసులకు వారసత్వం పట్టదని తీర్మానించడం తొందరపాటు. రోడ్డు విస్తరణ గుర్తులు గోడ మీద ఏళ్ల తరబడి ఉన్న ఇంటిని అమ్ముకోవడానికి వీలుండదు, బాగుచేసుకోవడానికి ధైర్యం చాలదు. ఆ అనిశ్చితిలో ఉన్న కుటుంబానికి పరిహారం గురించి మాట్లాడటమే చేతనైన ప్రతిఘటన.

మూడో గొంతు ఉండాల్సిన చోట నిశ్శబ్దం ఉంది. అది కిరాయిదార్లది.

సుల్తాన్ బజార్, బడీచౌడీ అనుభవం దీనికి ముందుమాట లాంటిది. అక్కడి వ్యాపారులు సంఘటితులు. ఏళ్ల తరబడి బందులు, ధర్నాలు, వినతిపత్రాలతో మెట్రో మార్గాన్ని అడ్డుకున్నారు. 2014లో మార్గం మారుస్తామని ప్రభుత్వం ప్రకటించే స్థాయికి తీసుకువెళ్లారు. చివరకు మార్గం ఆ బజారు మీదుగానే వచ్చింది, 2020లో రైలు కూడా తిరిగింది. అయినా ఆ జాప్యం వల్ల వ్యాపారులకు బేరమాడే సమయం దొరికింది. సంఘం, సభ్యత్వ పుస్తకం, నాయకుల ఫోన్ నంబర్లు ఉన్నవాళ్లకు ఓటమిలో కూడా కొంత దక్కింది.

ఇదే నగరంలో 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ పరిసర బస్తీల ఇళ్ల గోడల మీద 'ఆర్‌బి-ఎక్స్' అనే ఎర్ర గుర్తులు పడ్డాయి. ఆ ఇళ్లు నదీగర్భంలో ఉన్నాయని అర్థం. నిరసనలు జరిగాయి, కొన్ని కుటుంబాలు ప్రభుత్వ డబుల్ బెడ్‌రూం ఇళ్లకు మారాయి. వాళ్లు వదిలిన బస్తీ ఇళ్లలో వందేళ్ల నాటి కమాను ఏదీ లేదు. దశాబ్దాల కాపురం, దగ్గరలోని పని, పిల్లల బడి మాత్రమే ఉన్నాయి. వారసత్వం అనే భాష వాళ్లకు అందుబాటులో లేకపోవడంతో, ఆ ప్రతిఘటన ఆక్రమణ అనే పదాన్నే ఎదుర్కోవాల్సి వచ్చింది. ఒకే నగరంలో ప్యాలెస్‌కు దొరికిన వాదన బస్తీకి ఎందుకు దొరకలేదన్న ప్రశ్నను వారసత్వ ఉద్యమం తప్పించుకోకూడదు.

81,000 రూపాయల గజం, 25,000 రూపాయల జీవిక

కిరాయిదారును చట్టం పూర్తిగా మరిచిందని చెప్పడం సరికాదు. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టం 'బాధిత కుటుంబం' అన్న మాటను విశాలంగా నిర్వచించింది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పని చేస్తూ దాని మీదే బతుకుతున్న కౌలుదార్లు, చేతివృత్తులవారు కూడా అందులోకి వస్తారు. నిర్వచనం మేలైనదే.

షెడ్యూలులోకి వెళ్లేసరికి ఆ ఔదార్యం చిక్కిపోతుంది. చేతివృత్తివారికి, చిరు వ్యాపారులకు ఒకసారి ఇచ్చే సాయం 25,000 రూపాయలకు తగ్గకూడదని మాత్రమే అందులో ఉంది. అది కనీస మొత్తమే, ప్రభుత్వాలు ఎక్కువ ఇవ్వవచ్చు. కానీ కనీసాన్ని గజం ధరతో పోల్చి చూస్తే తేడా అర్థమవుతుంది. ఒక్క చదరపు గజం భూమికి ఖరారైన 81,000లో మూడో వంతు కూడా ఒక జీవిక మొత్తానికి కనీస విలువగా రాలేదు. పైగా ఆ కనీసం పొందాలన్నా మూడేళ్ల పని రుజువు కావాలి. పగిడీ మాట మీద, రసీదు లేని నెలవారీ కిరాయి మీద నడిచే మల్గీలో ఆ రుజువు ఎక్కడ దొరుకుతుంది? వక్ఫ్ ఆస్తుల్లో, ఉమ్మడి వాటాల్లో, కిరాయిదారు మళ్లీ కిరాయికిచ్చిన గదుల్లో అసలు యజమాని ఎవరన్నదే తేలని సందర్భాలు ఉన్నాయి.

బదలాయింపు అభివృద్ధి హక్కుల పద్ధతి, అంటే టీడీఆర్, కూడా ఇదే వాలు మీద ఉంది. భూమి వదులుకున్న యజమానికి మరోచోట అదనపు అంతస్తులు కట్టే హక్కు వస్తుంది, ఆ హక్కును అమ్ముకోనూ వచ్చు. అంటే పాతబస్తీలో కోల్పోయిన స్థలం విలువ పడమటి శివారు టవర్‌లో ఒక అంతస్తుగా తేలవచ్చు. ఆ కాగితంలో కిరాయిదారుకు భాగం లేదు. అద్దె నియంత్రణ చట్టం 1960 నుంచీ ఉన్నా, ఒక పరిమితి దాటిన అద్దెలకు వర్తించదు.

లాడ్ బజార్: పేరుకు రక్షణ, పని చోటుకు?

2024 మార్చిలో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కను నిప్పుల మీద కరిగించి, మెత్తగా ఉన్నప్పుడే సాగదీసి, వలయంగా చుట్టి, అది చల్లారేలోపు రాళ్లు, అద్దాలు ఒక్కొక్కటిగా పొదగాలి. ఈ పనికి వేడి కావాలి, గాలి ఆడే గది కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా దుకాణానికి నడిచి వెళ్లగల దూరం కావాలి. కొనుగోలుదారు చీర రంగు చూపించి, సాయంత్రానికి సరిపోలే గాజులు అడగగలగడం లాడ్ బజార్ వ్యాపారానికి ప్రాణం. కార్ఖానా చుట్టుపక్కల గల్లీల్లో ఉన్నంతకాలమే అది సాధ్యం.

భౌగోళిక గుర్తింపు ఆ పేరును ఇతరులు వాడకుండా కాపాడుతుంది. గల్లీలో ఆ గది కిరాయి పెరగకుండా ఆపలేదు. వీధి అందంగా మారి సందర్శకులు పెరిగినకొద్దీ ముందు వరుస మల్గీ కిరాయి పెరుగుతుంది, దాని వెంట వెనుక గదిది కూడా పెరుగుతుంది. ఆ గదిని రెడీమేడ్ సరుకు గోదాముగా ఇస్తే యజమానికి పొగ బెడద లేదు, ఆదాయం ఎక్కువ. కార్మికుడు శివారుకు మారితే గాజు తయారవుతూనే ఉంటుంది. కానీ అంగడికి, కార్ఖానాకు మధ్య ఉన్న నడక దూరం తెగిపోతుంది. ఆ నడక దూరమే లాడ్ బజార్. దుకాణాల వరుస దానిలో కనిపించే భాగం మాత్రమే.

చార్మినార్ పాదచారుల పథకం మరో వైపు నుంచి ఇదే ప్రశ్న లేపుతుంది. రెండు దశాబ్దాలకు పైగా దశలవారీగా సాగిన ఈ పథకం కింద వాహనాలు మళ్లాయి, గ్రానైట్ రాళ్లు పరిచారు. వాహనాల పొగ కట్టడానికి హాని చేస్తున్న మాట నిజం, నడిచేవారికి చోటు దొరకడమూ మేలే. అయితే ఖాళీ అయిన ఆ నేల మీద మొదట నిలబడింది బండ్ల వ్యాపారులు. వాళ్లను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు సమాధానం పండగకొకటిగా, అధికారికొకటిగా మారుతూ వచ్చింది.

ఈ విషయంలో 2014 వీధి వ్యాపారుల చట్టం రెండో షెడ్యూలులో ఒక అపురూపమైన మాట ఉంది. యాభై ఏళ్లకు పైగా వ్యాపారం సాగుతున్న సహజ అంగళ్లను వారసత్వ అంగళ్లుగా ప్రకటించాలని, అక్కడి వ్యాపారులను తరలించకూడదని అది చెబుతోంది. దేశంలో వారసత్వం అనే మాటను కట్టడం నుంచి విడదీసి, మనుషుల నిత్య వ్యాపారానికి అన్వయించిన చట్టాలు చాలా తక్కువ. పట్టణంలో వీధి వ్యాపారాన్ని చూసే కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని, వారిలో మూడో వంతు మహిళలై ఉండాలని కూడా అదే చట్టం నిర్దేశించింది. పాతబస్తీ చర్చల్లో నిబంధన 13 గురించి వినిపించినంత తరచుగా ఈ షెడ్యూలు వినిపించకపోవడం పెద్ద లోటు.

మరో మూడు నగరాల అనుభవం

పరిరక్షణ పేరుతోనే మనుషులను తొలగించవచ్చని ఇస్తాంబుల్ చూపించింది. ప్రపంచ వారసత్వ హోదా ఉన్న పాత నగర గోడల పక్కన, తరాలుగా రోమా సముదాయం ఉంటున్న సులుకులె పేటను, శిథిలమవుతున్న చారిత్రక ఆస్తులను పునరుద్ధరించి కాపాడటం కోసమని 2005లో చేసిన 5366వ చట్టం కిందే కూల్చివేశారు. నివాసులకు నగరానికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఫ్లాట్లు ఇచ్చారు. వాయిదాలు కట్టలేక, అక్కడ పని దొరకక, చాలామంది మళ్లీ పాత పేట పరిసరాలకే కిరాయిదార్లుగా వచ్చారు. కోర్టు ఆ పథకాన్ని రద్దు చేసింది 2012లో. అప్పటికి కొత్త ఇళ్లు లేచిపోయాయి.

మలేషియాలోని జార్జ్‌టౌన్ అనుభవం పాతబస్తీకి ఇంకా దగ్గరిది. అక్కడి పాత దుకాణ గృహాల్లో కింద వ్యాపారం, పైన కాపురం ఉండేవి. 1966 నాటి అద్దె నియంత్రణ చట్టం వల్ల తక్కువ కిరాయికి వేలాది కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. ఆ చట్టం రద్దై, 2000 సంవత్సరం నుంచి కిరాయిల మీద అదుపు తొలగింది. కిరాయిదార్లు సంఘంగా ఏర్పడి పోరాడినా ఎక్కువమంది ఖాళీ చేయక తప్పలేదు. ఖాళీ అయిన ఇళ్లలో కొన్నింటిని తినదగిన పిట్టగూళ్ల కోసం పక్షుల పెంపకానికి వాడారు. 2008లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చేనాటికి గోడలు చాలావరకు ఉన్నాయి, వాటి మధ్య బతికిన వృత్తులు పలుచబడ్డాయి. తర్వాత హోటళ్లు, కేఫ్‌లు వచ్చాయి. హోదా కన్నా ముందు కిరాయి చట్టమే ఆ నగర భవిష్యత్తును నిర్ణయించింది.

ఇటలీలోని బొలోన్యా ఎదురు దిశలో నడిచింది. 1970ల మొదట్లో అక్కడి నగరపాలక సంస్థ, ప్రభుత్వ గృహనిర్మాణానికి కేటాయించే నిధులను శివారులో కాకుండా పాత నగరంలోని ఇళ్ల మరమ్మతుకు వాడింది. మరమ్మతు సాయం తీసుకున్న యజమాని కిరాయి మీద పరిమితికి ఒప్పుకోవాలి, పాత కిరాయిదారుకు తిరిగి చోటివ్వాలి. అన్ని పేటల్లో అనుకున్నంత సాగలేదు, కాలక్రమంలో అక్కడా కిరాయిలు పెరిగాయి. అయినా పరిరక్షణ నిధికి, కిరాయి ఒప్పందానికి ముడివేయడం పరిపాలనాపరంగా సాధ్యమేనని ఆ నగరం చూపించింది.

సర్వే పత్రంలోని గళ్లు

పాతబస్తీలో రానున్న ఏళ్లలో మెట్రో స్టేషన్ల చుట్టూ కిరాయిలు పెరుగుతాయని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 100 అడుగుల రోడ్డు మీదికి వచ్చిన మిగులు స్థలాల్లో కొత్త దుకాణాలు లేస్తాయి. సగం కోతపడిన ఆస్తుల యజమానుల్లో కొందరు మిగిలిన భాగాన్ని అమ్ముకుంటారు. మెట్రో వల్ల రాకపోకల ఖర్చు తగ్గడం అక్కడి విద్యార్థులకు, ఉద్యోగులకు, ముఖ్యంగా మహిళలకు నిజమైన లాభం. దాన్ని తోసిపుచ్చే వాదన పాతబస్తీని మ్యూజియంగా చూసేవాళ్లకే నచ్చుతుంది. ఆ లాభం అందే నాటికి ఎవరు అక్కడ మిగిలి ఉంటారన్నది ప్రస్తుత ఒప్పందాలను బట్టి ఉంటుంది.

అందుకే ఉమ్మడి సర్వే పత్రం నమూనా ముఖ్యమవుతుంది. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, యజమాని పేరుతోపాటు కిరాయిదారు, ఉప కిరాయిదారు, ఆ గదిలో చేసే పని, ఎన్నేళ్లుగా చేస్తున్నారు అన్న గళ్లు ఉంటే 2013 చట్టం నిర్వచనం పనికొస్తుంది. అవి లేకపోతే ఆ నిర్వచనం పుస్తకంలోనే ఉండిపోతుంది. కమానుల కింద వ్యాపారుల విషయంలోనూ ఇంతే. యాభై ఏళ్ల అంగడి అని ప్రకటించాలంటే పాత తైబజారీ (వీధి వ్యాపారుల నుంచి వసూలు చేసే రుసుము) రసీదులు, చలానాలు, పొరుగు దుకాణదారుల వాంగ్మూలాలు కావాలి. తాతల కాలం నాటి ఆ కాగితాలు ఇప్పుడు మల్గీల అటకల మీద, ఇనప్పెట్టెల్లో ఉన్నాయి. గోడ కూల్చే రోజున ఇటుకలతోపాటు పోయేవి అవే.